అక్షరాలను లెక్కించిన పండితుడు: అబూ యూసుఫ్ యాఖూబ్ అల్ కిందీ

సకల స్తోత్రాలూ ప్రతి వస్తువునూ లెక్కించి ఉంచిన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

డేటా సైన్స్, కృత్రిమ మేధ, క్వాంటం అనే మూడు మాటలు నేడు మన ఇళ్లలో కూడా వినిపిస్తున్నాయి. 2025 మే నెలలో మన రాష్ట్ర ప్రభుత్వం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీ సంస్థలతో కలిసి అమరావతిలో క్వాంటం వ్యాలీని ప్రకటించింది. 156 క్యూబిట్ల ప్రాసెసరు గల కంప్యూటరును అక్కడ నెలకొల్పాలన్నది ఆ ప్రకటనలోని ముఖ్యాంశం. ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరుపడి, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న జగ్గయ్యపేట, నందిగామలకు అమరావతి కృష్ణానది ఆవలి ఒడ్డునే ఉంది. ఇంజనీరింగు చదివే పిల్లలున్న ప్రతి ఇంటా ఈ ముచ్చట రావడం సహజమే.

అయితే ఈ ముచ్చటతోపాటు కొన్ని సందేహాలు కూడా మా వద్దకు వస్తుంటాయి. ఇవన్నీ పరాయి వాళ్ల విద్యలు, మన పిల్లలకు ఎక్కడ అబ్బుతాయని కొందరు అంటారు. ఈ యంత్రాలు నేర్చుకుంటే ఈమాన్ బలహీనపడుతుందేమోనని కొందరు భయపడతారు. మన ఫోన్లలోని రహస్యాలను ఎవరో చదువుతున్నారట, నిజమేనా అని మరికొందరు అడుగుతారు. ఈ మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పే బదులు, పన్నెండు వందల ఏళ్ల క్రితం బగ్దాద్‌లో జీవించిన ఒక ముస్లిం పండితుని జీవితాన్ని పాఠకుల ముందుంచడం మేలని మేము భావించాము. ఈ మూడు విద్యలూ ఒకదానితో ఒకటి కలిసే చోట ఒక పాత పని కనిపిస్తుంది. అది లెక్కపెట్టడం. అక్షరాలను లెక్కపెట్టి దాగి ఉన్న మాటను బయటికి తీసే పద్ధతిని, మనకు దొరికిన గ్రంథాలలో అందరికంటే ముందుగా రాసిపెట్టినది ఆయనే.

వంశం, విద్యాభ్యాసం

ఆయన పూర్తి పేరు అబూ యూసుఫ్ యాఖూబ్ బిన్ ఇస్‌హాఖ్ అల్ కిందీ. సుమారు క్రీ.శ. 801లో, అంటే హిజ్రీ 185 ప్రాంతంలో జన్మించారు. అరేబియాలో పేరుగాంచిన కిందా తెగ ఆయనది. దైవప్రవక్త (స) సహచరులైన అష్‌అస్ బిన్ ఖైస్ (రజి) వంశంలో ఆయన పుట్టారు. తండ్రి ఇస్‌హాఖ్ అబ్బాసీ ఖలీఫాల కాలంలో కూఫా నగర పాలకునిగా పనిచేశారు. ఇంత పెద్ద ఇంటి బిడ్డ అధికారం వైపు వెళ్లడం ఆ రోజుల్లో పెద్ద కష్టమేమీ కాదు. కాని ఆయన మనసు పుస్తకాల వైపు మళ్లింది.

చదువు ఆయనను బగ్దాద్‌కు తీసుకువచ్చింది. ఖలీఫా మామూన్ (పాలన 813-833) కాలంలో బైతుల్ హిక్మా, అంటే విజ్ఞాన గృహం, ముమ్మరంగా సాగుతున్న రోజులవి. గ్రీకు, సిరియాక్, ఫార్సీ, సంస్కృత భాషల గ్రంథాలు అరబీలోకి వస్తున్నాయి. మన దేశపు ఖగోళ శాస్త్రం ఖలీఫా మన్సూర్ నాటికే బగ్దాద్ చేరింది. సున్నాతో సహా పది అంకెలతో ఏ సంఖ్యనైనా రాసే భారతీయ పద్ధతి అక్కడి పండితులను ఆశ్చర్యపరిచింది. ముహమ్మద్ బిన్ మూసా ఖారిజ్మీ ఈ అంకెల గణితంపై గ్రంథం రాశారు. ఆయన పేరు నుంచే నేటి కంప్యూటరు విద్యలోని అల్గారిథమ్ అనే మాట పుట్టింది. ఆయన సమకాలికుడైన అల్ కిందీ కూడా భారతీయ అంకెల వాడకం గురించి రచనలు చేశారు. ఇక్కడ పుట్టిన అంకె బగ్దాద్ వెళ్లి, అక్కడి నుంచి లోకమంతా తిరిగి, చివరికి యంత్రంగా మళ్లీ మన గడపకు వచ్చిందన్నమాట. మరి ఇందులో పరాయి విద్య ఏది?

అల్ కిందీకి గ్రీకు భాష రాదని చరిత్రకారుల అభిప్రాయం. అందుకే ఆ భాష తెలిసిన వారి చేత గ్రంథాలను అనువదింపజేసి, వాటి అరబీని తానే సరిదిద్దేవారు. అనువాదకుల్లో క్రైస్తవులు ఉన్నారు. సత్యాన్ని ఎవరు చెప్పారన్నది కాదు, అది సత్యమా కాదా అన్నదే చూడాలని, దూర దేశాల నుంచి, వేరే జాతుల నుంచి వచ్చినా దానిని గౌరవంగా స్వీకరించాలని ఆయన తన గ్రంథంలో స్పష్టంగా రాశారు. ఖలీఫా ముఅతసిమ్ (పాలన 833-842) ఆయనను తన కుమారుడు అహ్మద్‌కు గురువుగా నియమించారు. వైద్యంలో మందుల మోతాదులు, సంగీతం, అత్తర్ల తయారీ, ఖడ్గాలు, సముద్రపు ఆటుపోట్లు, కాంతి కిరణాలు... ఆయన కలం తాకని విషయం తక్కువ. పాత గ్రంథ సూచికలు ఆయన పేరిట రెండు వందలకు పైగా రచనలను పేర్కొన్నాయి. వాటిలో అధిక భాగం నేడు దొరకడం లేదు. తక్కువ లోహాన్ని బంగారం చేస్తామనే వారి మోసాలను ఎండగడుతూ కూడా ఆయన ఒక గ్రంథం రాశారు.

ఆయన విశ్వాసం

గ్రీకు తత్వశాస్త్రం చదివాడు కాబట్టి ఈమాన్ పోగొట్టుకున్నాడేమోనని ఎవరైనా అనుకోవచ్చు. వాస్తవం వేరు. ఈ విశ్వం అనాదిగా ఉన్నదే తప్ప సృష్టించబడలేదన్నది అరిస్టాటిల్ అభిప్రాయం. అల్ కిందీ దానిని నిరాకరించారు. విశ్వానికి ఆరంభం ఉందని, దానిని లేమి నుంచి ఉనికిలోకి తెచ్చిన సృష్టికర్త ఒక్కడేనని తర్కంతో నిరూపించేందుకు శ్రమించారు. మనిషి ఏళ్ల తరబడి కష్టపడి సంపాదించే జ్ఞానం కంటే, అల్లాహ్ తన ప్రవక్తలకు శ్రమ లేకుండా వహీ ద్వారా ప్రసాదించే జ్ఞానం గొప్పదని రాశారు. అందుకు ఉదాహరణగా సూరా యాసీన్ చివరి ఆయతులను తీసుకున్నారు. శిథిలమైన ఎముకలను ఎవరు బ్రతికిస్తారన్న ప్రశ్నకు అక్కడ వచ్చిన సమాధానాన్ని ఆయన వివరించి, ఇంత క్లుప్తంగా, ఇంత సంపూర్ణంగా చెప్పడం ఏ తత్వవేత్తకూ సాధ్యం కాదని తేల్చారు.

అయితే ఆయన రాసినదంతా ఉలమా అంగీకరించారని కాదు. ఆయనపై ముఅతజిలీ ఆలోచనల ప్రభావం ఉందని పలువురు విమర్శించారు. నక్షత్రాల ప్రభావం గురించి కూడా ఆయన రచనలు చేశారు. జ్యోతిష్యానికి ఇస్లాంలో చోటు లేదన్నది పాఠకులకు తెలిసినదే. ఒక పండితుని వద్ద ఉన్న మేలును తీసుకుని, పొరపాటును అక్కడే వదిలేయడం మన పెద్దల పద్ధతి. మేమూ ఆయన లెక్కల విద్యను గురించే ఇక్కడ చెబుతున్నాము.

ఆయన ఓర్పుకు ఒక ఉదాహరణ ఇబ్నున్నదీమ్ గ్రంథంలో ఉంది. బల్ఖ్‌కు చెందిన అబూ మఅషర్ మొదట్లో హదీసు విద్యార్థి. అతడు అల్ కిందీని తీవ్రంగా ద్వేషిస్తూ జనాన్ని ఆయనపైకి ఉసిగొల్పేవాడు. అల్ కిందీ అతనితో తగాదా పెట్టుకోలేదు. ఒక మనిషిని పంపి అతనికి గణితంలో ఆసక్తి కలిగేలా చేశారు. లెక్కల్లో మునిగిన అబూ మఅషర్ తగవు మరచి, చివరికి ఆయన శిష్యుల్లో ఒకడయ్యాడు.

మూసిన ఉత్తరాన్ని తెరిచిన లెక్క

ఉత్తరానికి ముద్ర వేయడం మనకు దైవప్రవక్త (స) కాలం నుంచి తెలిసిన విషయమే. రాజులకు లేఖలు పంపేటప్పుడు ఆయన (స) వెండి ఉంగరం చేయించి దానితో ముద్ర వేశారు. పరుల లిపిలో వచ్చే ఉత్తరాల విషయంలో నమ్మకమైన మనిషి అవసరమై, యూదుల లిపిని నేర్చుకోమని జైద్ బిన్ సాబిత్ (రజి)ని ఆదేశించారు. ఆయన దాదాపు పదిహేను రోజుల్లోనే నేర్చుకున్నారని తిర్మిజీ ఉల్లేఖనంలో ఉంది.

అబ్బాసీల కాలానికి రాజ్య వ్యవహారాలు పెరిగాయి. ముఖ్యమైన ఉత్తరాలు రహస్య లిపిలో నడిచేవి. ఒక్కో అక్షరానికి బదులు మరో అక్షరమో, గుర్తో రాస్తారు. ఏ గుర్తు ఏ అక్షరమో తెలిసినవాడే చదవగలడు. తెలియనివాడికి అది పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. ఇటువంటి రాతను అరబ్బులు ముఅమ్మా అనేవారు. దానిని తెరిచే పద్ధతిపై అల్ కిందీ ఒక రిసాలా రాశారు.

ఆయన చెప్పిన ఉపాయం వినడానికి ఎంతో తేలిక. ముందు ఆ ఉత్తరం ఏ భాషలో ఉందో తెలుసుకోవాలి. అదే భాషలో మామూలుగా రాసిన పొడవైన రచన ఒకటి తీసుకుని, అందులో ప్రతి అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలి. ఎక్కువసార్లు వచ్చినది మొదటిది, తరువాతది రెండవది అని వరుస కట్టాలి. ఆ తరువాత రహస్య ఉత్తరంలోని గుర్తులను కూడా అలాగే లెక్కించి వరుస కట్టాలి. ఇప్పుడు రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన గుర్తు అక్కడ అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన అక్షరం అయి ఉండే అవకాశం ఉంది. గుర్తు అక్షరానికి వేషం మార్చగలదు గాని, అది ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కను మార్చలేదు.

ఆయన స్వయంగా అరబీ రచన తీసుకుని 3,667 అక్షరాలు లెక్కపెట్టారు. అందులో అలిఫ్ 600 సార్లు, లామ్ 437 సార్లు వచ్చాయి. అంటే ప్రతి ఆరు అక్షరాల్లో సుమారు ఒకటి అలిఫే. తెలుగులోనూ ఇంతే. ఏ పత్రిక తిరగేసినా న, ల అడుగడుగునా కనిపిస్తాయి. ఝ కోసం వెతుక్కోవాలి.

ఇది ఆయనకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఖుర్ఆన్‌లోని పదాలను, అక్షరాలను లెక్కించే పని ముందు తరాల ఖారీలు చేసి ఉన్నారు. బస్రాకు చెందిన ఖలీల్ బిన్ అహ్మద్ అరబీ అక్షరాల కూర్పులన్నిటినీ వరుసగా పరిశీలించి నిఘంటువు రూపొందించారు. కలామ్‌ను కాపాడుకోవడం కోసం అక్షరాన్ని లెక్కించడం మొదలైంది. ఆ అలవాటే మరో విద్యకు పునాది అయ్యింది.

ఈ రిసాలాలో మరొక సంగతి గమనించదగినది. ఉత్తరం తగినంత పొడవుగా లేకపోతే ఈ పద్ధతి పనిచేయదని అల్ కిందీ హెచ్చరించారు. రెండు వాక్యాల చీటీలో అలిఫ్ తక్కువగా ఉండవచ్చు. మిర్చి కొనే వ్యాపారి పై పొరలోని నాలుగు కాయలు చూసి లారీ సరుకుకు ధర కట్టడు కదా! నాలుగైదు టిక్కీలు విప్పించి, లోపలి నుంచి తీయించి చూస్తాడు. కొంత చూసి మొత్తం గురించి చెప్పాలంటే ఆ కొంత ఎంత ఉండాలి? నేటి డేటా సైన్స్ అంతా ఈ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

ఈ రిసాలా శతాబ్దాల పాటు ఇస్తాంబుల్ నగరంలోని సులైమానియా గ్రంథాలయంలో మరుగున పడి ఉంది. 1987లో దమాస్కస్‌లోని అరబీ భాషా అకాడమీ దానిని అచ్చువేసింది. అప్పటి నుంచి ఈ విద్య చరిత్ర రాసేవారు ఆయన పేరును మొదటే రాస్తున్నారు.

అక్షరాల లెక్క నుంచి ఆలోచించే యంత్రం దాకా

ఇప్పుడు కొంతసేపు అల్ కిందీ కాలం నుంచి మన కాలానికి వద్దాం. 1913లో రష్యా గణితవేత్త మార్కోవ్ తమ భాషలోని ప్రసిద్ధ కావ్యం నుంచి 20,000 అక్షరాలు తీసుకున్నారు. ఒక అచ్చు తరువాత మళ్లీ అచ్చు ఎన్నిసార్లు వస్తుంది, హల్లు ఎన్నిసార్లు వస్తుంది అని లెక్కించారు. అల్ కిందీ విడి అక్షరాలను లెక్కిస్తే, ఈయన దేని తరువాత ఏది వస్తుందో లెక్కించారు. 1948లో అమెరికాకు చెందిన క్లాడ్ షానన్ ఈ లెక్క మీదనే సమాచార సిద్ధాంతాన్ని నిర్మించారు. ఆయన కూడా యుద్ధకాలంలో రహస్య లిపులపై పనిచేసినవారే.

నేడు మనతో తెలుగులో, ఉర్దూలో మాట్లాడుతున్న కృత్రిమ మేధ ఈ దారిలో చాలా ముందుకు వచ్చింది. అది కోట్లాది పుటల రాతలను తీసుకుని, ఏ మాటల తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత అన్నది సూక్ష్మంగా నేర్చుకుంటుంది. నేర్చుకునే తీరు అల్ కిందీ కాగితపు లెక్క కంటే ఎన్నో రెట్లు క్లిష్టమైనది. అయినా మూలం ఒక్కటే. రాసినదాన్ని చూసి, అందులోని క్రమాన్ని పట్టుకుని, తెలియనిదాన్ని ఊహించడం.

కాబట్టి దాని హద్దును కూడా తెలుసుకోవాలి. అది రాగల మాటను చెబుతుంది. ఆ మాట సత్యమా, కాదా అన్నదానికి అల్లాహ్ ముందు జవాబు చెప్పవలసినది మనిషే. యంత్రానికి నీయత్ లేదు, ఆఖిరత్ భయం లేదు. నికాహ్, తలాఖ్, వారసత్వం వంటి విషయాల్లో దాని జవాబునే ఫత్వాగా తీసుకోవడం తగదు. అలాగే అది చేసే అంచనా గైబ్ జ్ఞానం కాదు. గడిచినదాన్ని లెక్కించి, రాబోయేదానికి కట్టిన లెక్క మాత్రమే. జ్యోతిష్కుని మాటను నమ్మినట్లు దానిని నమ్మకూడదు, భూతమని భయపడనూ కూడదు.

క్వాంటం అంటే ఏమిటి?

సాధారణ కంప్యూటరులో ప్రతి బిట్ అయితే 0, కాకుంటే 1. క్వాంటం కంప్యూటరులోని క్యూబిట్ అలా కాదు. దానిని కొలిచే వరకు 0, 1 రెండింటి కలయికగా ఉండగలదు. కొలవగానే ఏదో ఒకటిగా తేలుతుంది. లెక్కను నేర్పుగా అమర్చితే తప్పు జవాబుల అవకాశాలు ఒకదానినొకటి కొట్టుకుపోయి, సరైన జవాబు అవకాశం పెరుగుతుంది. అన్ని లెక్కలకూ ఇది పనికిరాదు. కొన్ని ప్రత్యేకమైన లెక్కలకే ఉపయోగం.

ఇక్కడే మూడు విద్యలూ కలుస్తున్నాయి. క్వాంటం కంప్యూటరు ఒక్కసారి నడిపితే వచ్చే జవాబును నమ్మలేము. అదే లెక్కను వేలసార్లు నడిపి, ఏ జవాబు ఎన్నిసార్లు వచ్చిందో వరుస కట్టి చూస్తారు. ఇది డేటా సైన్స్ పని. క్యూబిట్లు చాలా సున్నితమైనవి, తరచూ తప్పులు చేస్తాయి. ఆ తప్పుల జాడను పట్టుకోవడానికి కృత్రిమ మేధను ఉపయోగిస్తున్నారు. 2024లో గూగుల్ పరిశోధకులు ఇటువంటి ఒక పద్ధతిని ప్రచురించారు.

రహస్యాల విషయంలో క్వాంటం రెండువైపులా పదునున్న కత్తి. నేడు బ్యాంకు వ్యవహారాలను, ఫోను సందేశాలను కాపాడే తాళాల్లో పేరుగాంచిన ఒకటి పెద్ద సంఖ్యల మీద ఆధారపడి ఉంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణించడం తేలిక. వచ్చిన ఫలితాన్ని మళ్లీ ఆ రెండుగా విడదీయడం ఎంతో కష్టం. తగినంత పెద్ద క్వాంటం కంప్యూటరు ఉంటే ఈ పని తేలికవుతుందని 1994లో పీటర్ షోర్ నిరూపించారు. అంత పెద్ద యంత్రం ఇంకా తయారు కాలేదు. 156 క్యూబిట్లు దానికి చాలవు. అయినా ముందు జాగ్రత్తగా అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో మూడు కొత్త తాళాల పద్ధతులను ప్రకటించింది. ఈ రోజు దొంగిలించి దాచుకున్న సమాచారాన్ని రేపు పెద్ద యంత్రం వచ్చాక తెరిచే ప్రమాదం ఉంది. అందుకే ఈ తొందర.

రెండవ వైపు చూడండి. 1984లో చార్లెస్ బెన్నెట్, జీల్ బ్రాసార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కాంతి కణాలతో తాళపుచెవి పంపే పద్ధతిని చెప్పారు. దారిలో ఎవరైనా తొంగిచూస్తే ఆ కణాల స్థితి చెదురుతుంది. ఇద్దరు మిత్రులూ తమకు చేరినదాంట్లో కొంత భాగాన్ని పోల్చుకుని తప్పులను లెక్కిస్తారు. తప్పులు హద్దు దాటితే మధ్యలో ఎవరో చూశారని తెలిసిపోతుంది. ఆ తాళపుచెవిని పారేస్తారు. నాడు అల్ కిందీ లెక్క మూసిన ఉత్తరాన్ని తెరిచింది. నేడు లెక్కే దొంగచూపును పట్టిస్తోంది.

నందిగామలో చదివిన విద్యార్థి

అల్ కిందీ చేసిన హెచ్చరిక ఒకటి ఇంతకుముందు చెప్పాము. తక్కువ రాత నుంచి ఎక్కువ విషయం రాబట్టలేమన్నది ఆ హెచ్చరిక. దానికి సంబంధించిన గణితాన్ని పదకొండు శతాబ్దాల తరువాత నిలబెట్టినవారిలో ఒకరు మన తెలుగువారు, పైగా నందిగామలో చదువుకున్నవారు. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు. ప్రపంచం ఆయనను సి.ఆర్. రావుగా ఎరుగును. 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హడగళిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో ఆయన పాఠశాల చదువు సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు.

1945లో ఆయన ప్రచురించిన పత్రంలోని ఒక ఫలితం లోకప్రసిద్ధమైంది. మన వద్ద ఉన్న సమాచారం ఇంతే అయినప్పుడు, ఎంత తెలివైన పద్ధతి వాడినా మన అంచనాలోని అనిశ్చితి ఒక హద్దు కంటే తగ్గదని అది చెబుతుంది. స్వీడన్‌కు చెందిన క్రామర్ పేరుతో కలిపి దానిని క్రామర్-రావ్ హద్దు అంటారు. క్వాంటం పరికరాలతో ఎంత సూక్ష్మంగా కొలవగలమో తేల్చడానికి నేడు దాని క్వాంటం రూపాన్నే వాడుతున్నారు. ఆ పత్రంలోనే ఆయన ఆలోచించిన మరొక విషయం యంత్రాలకు నేర్పే పద్ధతుల్లో ఉపయోగపడుతోంది. ఆయన 2023 ఆగస్టు 22న నూట రెండేళ్ల వయసులో మరణించారు. మనిషికి ఇవ్వబడిన జ్ఞానం అత్యల్పమని సూరా బనీ ఇస్రాయీల్ బోధిస్తుంది. తన జ్ఞానానికి హద్దు ఎక్కడుందో లెక్కగట్టి తెలుసుకోవడం కూడా జ్ఞానమే కదా!

మన మెట్ట ప్రాంతపు బడిలో కూర్చున్న పిల్లవాడు అంత దూరం వెళ్లగలిగినప్పుడు, ఈ విద్యలు మన పిల్లలకు అబ్బవని ఎలా అనగలం?

పుస్తకాలు పోయిన వేళ

ఇక అల్ కిందీ జీవితపు చివరి భాగానికి వద్దాం. ఖలీఫా ముతవక్కిల్ (పాలన 847-861) కాలంలో ఆయన కష్టాలు మొదలయ్యాయి. మూసా కుమారులుగా పేరుపొందిన ముహమ్మద్, అహ్మద్ అనే ఇంజనీరు సోదరులు దర్బారులో పలుకుబడి గలవారు. వారు పండితులే గాని, తోటి పండితులను ఓర్వలేకపోయారు. వారి మాటలు విని ఖలీఫా అల్ కిందీని కొట్టించారు. ఆయన గ్రంథాలయమంతా ఆ సోదరుల వశమైంది. వారు దానిని విడిగా ఉంచారు. దానికి కిందియ్యా అనే పేరు పడింది. జీవితమంతా కూడబెట్టిన జ్ఞానం ఒక్కరోజులో పరాయి చేతికి పోయింది.

ఆ పుస్తకాలు తిరిగి వచ్చిన వైనాన్ని ఇబ్ను అబీ ఉసైబిఆ తన వైద్యుల చరిత్రలో నమోదు చేశారు. ఖలీఫా ఒక కాలువ తవ్వించే పనిని ఈ సోదరులకు అప్పగించారు. వారు దానిని ఫర్గానీ అనే ఇంజనీరు చేతిలో పెట్టారు. ఆయన కాలువ మొదలును మిగతా భాగం కంటే లోతుగా తవ్వించారు. నది నిండుగా ఉన్నప్పుడు నీరు పారుతుంది, తగ్గితే ముందుకు సాగదు. తప్పు జరిగిందన్న వార్త ఖలీఫా చెవిన పడింది. నిజమని తేలితే సోదరులిద్దరినీ ఆ కాలువ గట్టునే శిలువ వేయిస్తానన్నారు. నిజానిజాలు తేల్చడానికి సనద్ బిన్ అలీ అనే పండితుణ్ణి పిలిపించారు. ఆయనను కూడా ఈ సోదరులే అంతకుముందు దర్బారుకు దూరం చేసి ఉన్నారు.

ప్రాణభయంతో సోదరులు సనద్‌ను ఆశ్రయించారు. సనద్‌కు, అల్ కిందీకి మధ్య కూడా పొసగేది కాదు. అయినా ఆయన తన కోసం ఏమీ అడగలేదు. మీరు అల్ కిందీ పుస్తకాలు తీసుకోవడం అన్యాయం, ముందు అవి ఆయనకు చేర్చండి, ఆ తరువాతే నా నోట మాట వస్తుందని షరతు పెట్టారు. సోదరులు పుస్తకాలన్నీ తిరిగి ఇచ్చేశారు. అన్నీ ముట్టాయని అల్ కిందీ చేతి రాత తెచ్చి సనద్‌కు చూపించారు.

ఆ తరువాత సనద్ కాలువలో లోపం లేదని ఖలీఫాకు చెప్పారు. నది పొంగు వల్ల నాలుగు నెలల వరకు లోపం బయటపడదు. ఈలోగానే, 861లో, ఖలీఫా హత్యకు గురయ్యారు. సోదరులు బ్రతికిపోయారు. సనద్ చెప్పిన ఆ మాట సత్యం కాదు, దానిని మేము మెచ్చుకోము. కాని పొసగని మనిషి విషయంలో కూడా న్యాయం తప్పకపోవడం మెచ్చదగినది. ఒక జాతిపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదన్నది సూరా మాయిదాలోని ఆదేశం.

అప్పు తెచ్చిన వస్తువు

అల్ కిందీ దుఃఖాన్ని దూరం చేసుకునే ఉపాయంపై కూడా ఒక రిసాలా రాశారు. ప్రియమైనది పోవడం వల్లనో, కోరినది అందకపోవడం వల్లనో దుఃఖం కలుగుతుంది. ఈ లోకంలో మన వద్ద ఉన్నదంతా అరువు తెచ్చుకున్నదే. అసలు యజమాని తన సొమ్మును తాను కోరినప్పుడు, తాను కోరిన వారి చేత తీసుకుంటాడు. అరువు తిరిగి ఇచ్చేటప్పుడు ఏడ్వడం తగునా అని ఆయన ప్రశ్నిస్తారు. ఓడ రేవులో ఆగినప్పుడు దిగిన ప్రయాణికుల ఉపమానం కూడా అందులో చెప్పారు. పని చూసుకుని వెంటనే ఓడ ఎక్కినవారికి విశాలమైన చోటు దొరికింది. పూలూ రాళ్లూ ఏరుకుంటూ ఆలస్యం చేసినవారు ఆ బరువుతో ఇరుకున కూర్చున్నారు. కొందరు ఒడ్డునే మైమరచి ఓడను పోగొట్టుకున్నారు.

సుమారు క్రీ.శ. 873లో ఆయన బగ్దాద్‌లో కన్నుమూశారు. ఫైలసూఫుల్ అరబ్, అంటే అరబ్బుల తత్వవేత్త అన్న బిరుదు ఆయనకు నేటికీ నిలిచి ఉంది.

మనం గ్రహించవలసినది

మొదటి విషయం: ఏ విద్యా ఒక జాతి సొత్తు కాదు. అంకె మన దేశంలో పుట్టింది, అక్షరాల లెక్క బగ్దాద్‌లో పుస్తకమైంది, అంచనాకు హద్దు నందిగామలో చదివిన తెలుగువారు చెప్పారు. మీ అబ్బాయికీ, అమ్మాయికీ గణితం మీద ప్రేమ ఉంటే వెనక్కి లాగకండి. అల్లాహ్ కోసం, ఆయన దాసుల మేలు కోసం అన్న నీయత్‌తో చదివించండి.

రెండవది: ఇల్మ్ ఎంత పెరిగితే అమానత్ అంత బరువెక్కుతుంది. ఇతరుల రహస్యాలను కూపీ లాగవద్దని సూరా హుజురాత్‌లో అల్లాహ్ విశ్వాసులను వారించాడు. ఒక మనిషి అటూఇటూ చూసి చెప్పిన మాట అమానత్ అని దైవప్రవక్త (స) బోధించారు. ఈ కాలంలో మనుషుల మాటలు, ఫొటోలు, జబ్బులు, అప్పులు అన్నీ డేటా అయి ఎవరి వద్దో నిల్వ ఉంటున్నాయి. రేపు మన పిల్లలు ఆ డేటా దగ్గర ఉద్యోగం చేస్తారు. ఆ లెక్కల వెనుక మనుషులున్నారని, అనుమతి లేకుండా తీసుకున్నది అల్ కిందీ గ్రంథాలయం లాంటిదేనని, హక్కుదారుకు చేర్చే వరకు దాని భారం దిగదని వారికి ఇప్పుడే నేర్పాలి.

మూడవది: ఈ అమానత్ ఇంటి నుంచే మొదలవుతుంది. భార్యాభర్తల ఫోన్లను ఒకరిదొకరు దొంగచాటుగా వెతకడం, పొరుగువారి ఫొటోను అడగకుండా గ్రూపులో పెట్టడం, ఎవరో చెప్పుకున్న కష్టాన్ని ముందుకు పంపడం మనకు చిన్న సంగతులుగా తోస్తాయి. పెద్ద యంత్రాల వారిని నిందించే ముందు మన వేళ్లను అదుపులో ఉంచుకోవాలి. అపరిచితులకు ఓటీపీ చెప్పకపోవడం కూడా ఇంటి సొమ్మును కాపాడే బాధ్యతలో భాగమే.

అల్ కిందీ ఉత్తరంలోని అక్షరాలు లెక్కపెట్టారు. మన నోటి మాటలను, చేతి రాతలను లెక్కపెట్టే దైవదూతలు మన భుజాల పక్కనే ఉన్నారు. ఆ లెక్కకు తాళమూ లేదు, మరుగూ లేదు.

ఓ అల్లాహ్! మాకు, మా సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. ఆ జ్ఞానంలో అమానత్‌ను కాపాడే మనసును ప్రసాదించు. ఆమీన్.